ఊరి పేరు తేలితేనే జర్మనీకి దారి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి: జర్మన్ ప్రాంతాల నుంచి అమెరికాకు వలస వెళ్లిన కుటుంబాల మూలాలు ఎలా పట్టుకోవాలి? అందుకే శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం.

ప్రశ్న: మా కోడలు అమెరికా అమ్మాయి. వాళ్ల పూర్వీకులు జర్మనీ నుంచి వచ్చి విస్కాన్సిన్‌లో స్థిరపడ్డారని మాత్రం ఇంట్లో చెప్పుకుంటారు. మనవరాలికి మా వైపు వంశవృక్షం రాసిపెట్టాను, తల్లి వైపుదీ రాయాలని ఉంది. జర్మనీ వెబ్‌సైట్లలో ఇంటిపేరు కొడితే వేలల్లో వస్తున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు ఆ జర్మనీ వెబ్‌సైట్లు కట్టేయండమ్మా. ఊరి పేరు చేతికి వచ్చాక మళ్లీ తెరవచ్చు. జర్మనీ అంతటా ప్రభుత్వ జనన మరణ రిజిస్టర్లు మొదలైంది 1876 జనవరి 1 నుంచి. జర్మన్ రాజ్యాల్లో పెద్దదైన ప్రష్యాలో 1874 అక్టోబరు నుంచి ఉన్నాయి. ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోకి పోయిన రైన్ నది పడమటి గట్టున 1798 నుంచే ఉన్నాయి. మిగతా చోట్ల అంతకుముందు పుట్టినవాళ్ల వివరం ఆ ఊరి చర్చి పుస్తకంలో తప్ప ఇంకెక్కడా ఉండదనే అనుకోండి. దేశం మొత్తానికి ఒకే సూచిక లేదు. కాబట్టి అమెరికా రికార్డుల్లో చేసే పనంతా ఒక్క ఊరి పేరు కోసమే.

అమెరికా జనాభా లెక్కలతో మొదలుపెట్టి, దగ్గరి నుంచి వెనక్కి నడవండి. 72 ఏళ్లు దాటితేనే ఆ లెక్కల్లోని పేర్లు బయటపెడతారు కనుక, ఇప్పుడు చూడగలిగే చివరి లెక్క 1950ది. అక్కడ కోడలి తాతనో ముత్తాతనో పట్టుకుని 1940, 1930, 1920, 1910, 1900 అంటూ పదేసేళ్లు దిగండి. 1900 దగ్గర తాపీగా ఆగాలి. పుట్టిన నెల, సంవత్సరం, పెళ్లయి ఎన్నేళ్లు, తల్లికి పుట్టిన పిల్లలెందరు, బతికున్నదెందరు, వలస వచ్చిన ఏడు, పౌరసత్వం సంగతి అన్నీ ఒకే వరుసలో దొరికే లెక్క అది. పౌరసత్వం గడిలో ‘ఎన్‌ఏ’ ఉంటే పౌరసత్వం వచ్చినట్టు, ‘పీఏ’ ఉంటే మొదటి దరఖాస్తు మాత్రం వేసినట్టు, ‘ఏఎల్’ ఉంటే ఇంకా విదేశీయుడన్నట్టు. పౌరసత్వం వచ్చిన ఏడు 1920 లెక్కలో ఉంటుంది.

1890 లెక్కల కోసం తిప్పలు పడకండి. 1921లో వాషింగ్టన్‌లోని వాణిజ్య శాఖ భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో చాలావరకు కాలిపోయాయి, పాడయ్యాయి; మిగిలినవాటిని తర్వాత ప్రభుత్వమే నాశనం చేసింది, ఇప్పుడు దాదాపు ఏమీ లేవు. ఆ ఇరవై ఏళ్ల ఖాళీని కొంతవరకు పూడ్చేవి రాష్ట్రాలు సొంతంగా తీసిన లెక్కలు: అయోవా, మిన్నెసోటా, కాన్సస్‌లలో 1885, 1895, న్యూయార్క్‌లో 1892. మీ విస్కాన్సిన్‌లో 1905 లెక్కలో ఇంటిల్లిపాది పేర్లూ ఉంటాయి, అంతకుముందు రాష్ట్ర లెక్కల్లో ఇంటి యజమాని పేరొక్కటే. బంధువుల్లో ఎవరైనా అయోవాకు తరలి ఉంటే 1925 అయోవా లెక్క తప్పక చూడండి. ప్రతి మనిషికీ తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరుతో సహా, అందులో అడిగారు.

1880 నుంచి ఇంటి యజమానికి ఏమవుతారో రాశారు, తల్లిదండ్రులు ఏ దేశంలో పుట్టారో కూడా రాశారు. 1850, 1860, 1870 లెక్కల్లో చుట్టరికం గడి లేదు. అక్కడ ఒక మగ, ఒక ఆడ, నలుగురు పిల్లలు కనబడగానే భార్యాభర్తలు, వాళ్ల పిల్లలు అని రాసేసుకోవడం కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు. ఆమె రెండో భార్య కావచ్చు, వదినగారు కావచ్చు, పిల్లల్లో ఇద్దరు పోయిన అన్న పిల్లలు కావచ్చు. 1850కి ముందైతే యజమాని పేరు, మిగతావాళ్లు ఎందరన్న అంకెలు, అంతే.

దొరికిన ప్రతి లెక్కకూ ఒక కాగితం కేటాయించి రాష్ట్రం, కౌంటీ (జిల్లా లాంటిది), టౌన్‌షిప్ (కౌంటీలో ఒక భాగం), పేజీ, ఇంటి వరుస సంఖ్య రాసుకోండి. పైనా కిందా పదేసి ఇళ్ల పేర్లు కూడా ఎక్కించండి. పనికిమాలిన శ్రమలా ఉంటుంది గానీ, జర్మన్ వలసల్లో ఒకే ఊరివాళ్లు ఒకే చోట దిగడం మామూలు. మీ మనిషి సొంత ఊరి పేరు ఎక్కడా దొరకనప్పుడు పక్కింటాయన ఊరి పేరు పని చేసిపెడుతుంది.

ప్రశ్న: ఒకే మనిషికి 1860 లెక్కలో పుట్టిన చోటు హానోవర్ అని, 1870లో ప్రష్యా అని, 1900లో జర్మనీ అని ఉంది. వయసు కూడా మొదటి పదేళ్లలో ఏడేళ్లే పెరిగింది. మనిషి ఒక్కడేనా?

జవాబు: పుట్టిన చోటు విషయంలో అసలు తేడాయే లేదు. హానోవర్ రాజ్యాన్ని 1866లో ప్రష్యా కలిపేసుకుంది, 1871లో జర్మన్ సామ్రాజ్యం ఏర్పడింది. మూడు లెక్కలూ మూడు కాలాల్లో ఒకే నేలను చెబుతున్నాయి. అదే 1860లో ప్రష్యా, 1870లో హానోవర్ అని తిరగబడి ఉంటే కాస్త అనుమానించాలి. 1866లోనే హెస్సే-కాసెల్, నసావ్, ష్లెస్విగ్-హోల్‌స్టైన్ కూడా ప్రష్యాలో కలిశాయి. కాబట్టి 1870, 1880 లెక్కల్లో ప్రష్యా అన్న మాటకు పరిధి చాలా పెద్దది. 1860, 1870లలో ఉత్త జర్మనీ అని రాయకుండా రాజ్యం పేరు రాయమని గణకులకు ఆదేశాలున్నాయి. అందువల్ల పుట్టిన చోటుకు ఆ రెండిటికే మేం ఎక్కువ విలువిస్తాం. హెస్సే పేరుతో రెండు రాజ్యాలుండేవి కనుక, హెస్సే అని మాత్రం ఉంటే హెస్సే-కాసెలా, హెస్సే-డార్మ్‌స్టాటా అని తేల్చుకోనిదే ముందుకు పోవద్దు.

వయసు గురించి బెంగ వద్దు. గణకుడు వచ్చినప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లు చెప్పిందే లెక్క. పన్నెండేళ్ల కూతురు చెప్పి ఉండవచ్చు, పక్కింటివాళ్లు చెప్పి ఉండవచ్చు. ఎవరు చెప్పారన్నది 1940 లెక్కలోనే గుర్తు పెట్టారు. లెక్క ఏ తేదీ నాటిదో కూడా చూసుకోండి: 1850 నుంచి 1900 దాకా జూన్ 1, 1910లో ఏప్రిల్ 15, 1920లో జనవరి 1, 1930లో ఏప్రిల్ 1. మార్చిలో పుట్టినవాడికి 1910కీ 1920కీ మధ్య వయసు తొమ్మిదేళ్లే పెరగడం సరైనదే.

వలస వచ్చిన ఏడు కూడా మూడు లెక్కల్లో మూడు రకాలుగా ఉంటుంది. దాన్ని నమ్మేకంటే పిల్లల పుట్టిన చోట్లు చూడండి. 1852లో పుట్టిన బిడ్డ హానోవర్‌లో, 1855లో పుట్టిన బిడ్డ ఒహాయోలో అని ఉంటే, వాళ్లు సముద్రం దాటింది ఆ మూడేళ్ల మధ్యే.

ప్రశ్న: ఇంటిపేరు సూచికలో ఎన్ని రకాలుగా కొట్టినా దొరకడం లేదు. ఎల్లిస్ ఐలాండ్‌లో పేరు మార్చేశారని ఇంట్లో అంటారు.

జవాబు: ఆ కథ చాలా ఇళ్లలో ఉంది, నిజం కాదు. న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్ కేంద్రం తెరిచిందే 1892లో, అప్పటికి జర్మన్ వలస వెల్లువ చాలావరకు అయిపోయింది. పైగా ఓడ జాబితా ఎక్కే రేవులోనే తయారవుతుంది, దిగిన చోట అధికారులు దాన్ని సరిచూసుకునేవారు. పేర్లు మారింది ఆ తర్వాతే, బళ్లో, దుకాణంలో, పొలం దస్తావేజుల్లో, మెల్లగా.

జర్మన్ ఉచ్చారణను ఇంగ్లీషు చెవి ఎలా వింటుందో ఆలోచించి వెతకండి. బ-ప, డ-ట, గ-క తారుమారవుతాయి. జర్మన్‌లో ‘వి’ అక్షరం చాలా మాటల్లో ‘ఫ’ పలుకుతుంది కనుక ఫోగెల్ అన్న పేరు ‘ఎఫ్’ కింద దొరకవచ్చు. చుక్కలున్న ‘ఓ’, ‘యు’ అక్షరాలు ఇంగ్లీషులో ‘ఇ’గానో ‘ఐ’గానో మారతాయి. జర్మన్‌లో ‘జె’తో రాసే యేగర్ ‘వై’ కింద ఉంటుంది. కొందరు అర్థాన్ని తర్జుమా చేసుకున్నారు: ష్వార్ట్స్ బ్లాక్ అయ్యాడు, త్సిమ్మర్‌మన్ కార్పెంటర్ అయ్యాడు. సూచిక రాసినవాళ్ల తప్పులు వేరే: చేతిరాతలో ‘ఎస్’ను ‘ఎల్’గా, ‘టి’ని ‘ఎఫ్’గా చదవడం మామూలే.

ఇవేవీ ఫలించకపోతే ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేయండి. ఇంట్లో అరుదైన పేరున్న బిడ్డ పేరు, వయసుకు రెండేళ్లు అటూ ఇటూ, తండ్రి పుట్టిన దేశం, కౌంటీ ఇచ్చి వెతకండి. అదీ కాకపోతే టౌన్‌షిప్ మొత్తం పేజీ పేజీ చదవడమే. పల్లె టౌన్‌షిప్‌కు ఒక సాయంత్రం చాలు.

పేర్ల ముందు జోహాన్ చూసి మోసపోవద్దు. ఒకే ఇంట్లో జోహాన్ హైన్‌రిష్, జోహాన్ ఫ్రీడ్‌రిష్, జోహాన్ విల్‌హెల్మ్ ముగ్గురూ ఉంటారు. పిలిచేది రెండో పేరుతో, అమెరికా లెక్కలో కనబడేదీ అదే. జోహానెస్ అని పూర్తిగా ఉంటే మాత్రం అది చాలాసార్లు పిలిచే పేరే. వాయవ్య జర్మనీలోని వెస్ట్‌ఫాలియా, లిప్పే వైపు మరో చిక్కుంది. పొలం ఉన్న ఇంటికి అల్లుడిగా వెళ్లినవాడు ఆ పొలం పేరే ఇంటిపేరుగా పెట్టుకునేవాడు. అందుకే అన్నదమ్ముల ఇంటిపేర్లు వేరుగా ఉండటం అక్కడ వింత కాదు. రెండు పేర్ల మధ్య ‘గెనాంట్’ (అనబడే) అన్న మాట కనిపిస్తే సంగతి ఇదే.

ప్రశ్న: లెక్కలన్నీ చూశాను. ఎక్కడా దేశం పేరే గానీ ఊరి పేరు లేదు. చర్చి రికార్డుల్లో ఉంటుందంటారు. ఏ చర్చో నాకెలా తెలుస్తుంది?

జవాబు: ఈ పనిలో అసలు మలుపు ఇక్కడే. వలస వెళ్లిన జర్మన్ల చర్చి పుస్తకాలు రాసింది జర్మన్ పాస్టర్లు, జర్మన్ భాషలో. ఇంగ్లీషు గణకుడికి అక్కరలేని ఊరి పేరు పాస్టరుకు ఆసక్తి. అందువల్ల పెళ్లి, మరణం నమోదుల్లో ‘ఫలానా ఊరిలో పుట్టిన’ అన్న మాట తరచుగా కనబడుతుంది.

చర్చి పేరు తెలుసుకోవడానికి దగ్గరి దారి కౌంటీ కోర్టులోని పెళ్లి నమోదు. పెళ్లి చేయించిన పాస్టరు సంతకం అందులో ఉంటుంది. ఆ ఏడాది సిటీ డైరెక్టరీలో (పట్నంలోని మనుషుల, సంస్థల చిరునామాల పుస్తకంలో) చర్చిల పేజీ తెరిస్తే ఆ పాస్టరు ఏ చర్చిలో ఉన్నాడో తెలుస్తుంది. పల్లె అయితే కౌంటీ చరిత్ర పుస్తకాలు, లేదా సమాధి ఏ చర్చి స్థలంలో ఉందన్నది చూడండి. జర్మన్ పత్రికల్లో వచ్చిన మరణ వార్త కూడా చర్చి పేరు చెబుతుంది. ఇంగ్లీషు పత్రికలో రెండు వరుసలు వస్తే జర్మన్ పత్రికలో అదే మనిషికి అరకాలమ్ రావడం అరుదేం కాదు.

ఇంట్లోవాళ్లు లూథరన్ అన్నారని లూథరన్ పుస్తకాలకే పరిమితం కావద్దు. ప్రష్యాలో 1817లో లూథరన్, రిఫార్మ్డ్ అనే రెండు ప్రొటెస్టెంట్ శాఖలను రాజు కలిపాడు. అక్కడి నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఎవాంజెలికల్ సినడ్ (సినడ్ అంటే చర్చిల సమాఖ్య) చర్చిల్లో చేరారు. ఆ సినడ్ 1934లో రిఫార్మ్డ్ చర్చితో, ఆ కలిసిన చర్చి 1957లో మరో సంఘంతో ఏకమై యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అయ్యాయి. అందుకే ఇప్పటి బోర్డు మీద జర్మన్ వాసన ఉండదు, పాత పుస్తకాలు మాత్రం లోపలే ఉండవచ్చు. పెన్సిల్వేనియాలో లూథరన్లు, రిఫార్మ్డ్ వాళ్లు ఒకే కట్టడాన్ని వారం మార్చి వారం వాడుకున్న చోట్లున్నాయి. అలాంటి చోట రెండు పుస్తకాలూ చూడాలి. పల్లెల్లో జర్మన్ మాట్లాడే పాస్టరు ఒక్కడే ఉంటే శాఖలు చూసుకోకుండా ఆయన దగ్గరికే వెళ్లేవారు.

పుస్తకాలు ఎక్కడుంటాయంటే: క్యాథలిక్ పుస్తకాలు పారిష్‌లోనో (స్థానిక చర్చిలో), డయాసిస్ (బిషప్ కింది ప్రాంతం) ఆర్కైవ్‌లోనో ఉంటాయి. మిస్సోరి సినడ్ లూథరన్ పుస్తకాలు చాలావరకు ఆయా సంఘాల దగ్గరే ఉంటాయి. మూతపడ్డ సంఘమైతే సెయింట్ లూయిస్‌లోని కంకార్డియా హిస్టారికల్ ఇన్‌స్టిట్యూట్‌ను అడగండి. ఎవాంజెలికల్ సినడ్‌వైతే మిస్సోరిలోని ఈడెన్ సెమినరీ ఆర్కైవ్‌ను, రిఫార్మ్డ్‌వైతే పెన్సిల్వేనియా లాంకాస్టర్‌లోని ఎవాంజెలికల్ అండ్ రిఫార్మ్డ్ హిస్టారికల్ సొసైటీని అడగాలి. వీటికి ముందు ఉచితమైన ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్ కేటలాగ్‌లో కౌంటీ పేరుతో చూడండి. చాలా పుస్తకాల ఫొటోలు అందులో ఉన్నాయి. కొన్ని ఇంట్లో తెరుచుకోవు, వాళ్ల కేంద్రానికో అనుబంధ లైబ్రరీకో వెళ్తేనే కనబడతాయి.

చర్చికి ఉత్తరం రాసేటప్పుడు కుటుంబ చరిత్రంతా వెళ్లబోసుకోకండి. ఒకటి రెండు నమోదులే అడగండి: పేరు, ఘటన, తేదీ, తేదీ తెలియకపోతే మూడు నాలుగేళ్ల వ్యవధి. కొంత విరాళం పంపడం మర్యాద. అన్నిటికంటే ముఖ్యం, సర్టిఫికెట్ వద్దని, పుస్తకంలోని ఆ పేజీ మొత్తం ఫొటో కావాలని అడగండి. సర్టిఫికెట్ ఫారంలో ఊరి పేరుకు గడి ఉండదు. మనకు కావలసిన ఒక్క మాటా అక్కడే రాలిపోతుంది.

మీ మనిషి నమోదులో ఊరు లేకపోతే అన్నదమ్ములవీ అక్కచెల్లెళ్లవీ తీయండి. పిల్లలందరి బాప్తిస్మాల్లో గాడ్‌ఫాదర్, గాడ్‌మదర్ (బాప్తిస్మపు సాక్షుల) పేర్లు ఒక జాబితాగా రాయండి. తల్లి తోబుట్టువులు, సొంత ఊరివాళ్లు అక్కడే బయటపడతారు. 14 ఏళ్ల వయసులో జరిగే కన్ఫర్మేషన్ (బాప్తిస్మం పొందిన పిల్లలు విశ్వాసాన్ని ధ్రువీకరించే వేడుక) జాబితాలనూ చాలామంది పట్టించుకోరు. పదమూడేళ్లకు వలస వచ్చిన పిల్లవాడి పుట్టిన ఊరు దొరికేది అక్కడే కావచ్చు. క్యాథలిక్ బాప్తిస్మపు పుస్తకమైతే అంచులు కూడా చూడండి. 1908 నుంచి అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం, ఆ బిడ్డకు తర్వాత ఎప్పుడు ఎక్కడ పెళ్లయిందో అంచున రాయాలి.

ప్రశ్న: పేజీ ఫొటో వచ్చింది. జర్మన్ కొద్దిగా వచ్చు గానీ, ఆ రాతలో ఒక్క అక్షరమూ పోల్చుకోలేకపోతున్నాను.

జవాబు: అది కురెంట్ అనే పాత రాత. వాక్యాలు చదవాలని చూడకండి, నమోదులో మాటలు పదో పన్నెండో, అవే తిరిగి తిరిగి వస్తాయి. గెబోరెన్ అంటే పుట్టారు, గెటౌఫ్ట్ అంటే బాప్తిస్మం పొందారు, కోపులీర్ట్ అంటే పెళ్లయింది, గెష్టోర్బెన్ అంటే చనిపోయారు, బెగ్రాబెన్ అంటే పూడ్చారు, పాటెన్ అంటే బాప్తిస్మపు సాక్షులు. ‘గెబ్.’ తర్వాత స్త్రీ పుట్టింటి పేరు వస్తుంది. ‘ఔస్’ అన్న మాట తర్వాత వచ్చేది చాలాసార్లు ఊరి పేరే.

ముందు అదే పాస్టరు చేతిరాతలో మీకు తెలిసిన పేర్లు పట్టుకోండి: మరియా, విల్‌హెల్మ్, నెలల పేర్లు. వాటి నుంచి ఆ పాస్టరుకే ప్రత్యేకమైన అక్షరాల పట్టిక తయారవుతుంది. ‘ఇ’ చూడటానికి ‘ఎన్’లా ఉంటుంది. ‘యు’ మీద చిన్న వంపు గీత ఉంటుంది, దాన్ని బట్టే ‘ఎన్’ నుంచి విడదీయాలి. ‘ఎం’, ‘ఎన్’ల మీద అడ్డగీత ఉంటే ఆ అక్షరాన్ని రెండుసార్లు చదవాలి. పేర్లనూ ఊళ్లనూ కొందరు పాస్టర్లు మనకు అలవాటైన లాటిన్ అక్షరాల్లో రాశారు, అది మీ అదృష్టం. పాత నమోదుల్లో స్త్రీ ఇంటిపేరు చివర ‘ఇన్’ చేరుతుంది: మ్యుల్లెరిన్ అంటే మ్యుల్లర్ ఇంటి ఆడపడుచు. 7 పక్కన ‘బర్’ అని ఉంటే అది జూలై కాదు, సెప్టెంబరు. అలాగే 8 అక్టోబరు, 9 నవంబరు, 10 డిసెంబరు.

మరణ నమోదులో వయసు ఏళ్లు, నెలలు, రోజుల్లో ఉంటే పుట్టిన తేదీ లెక్కకట్టవచ్చు. 1887 మార్చి 14న, 62 ఏళ్ల 7 నెలల 20 రోజులకు చనిపోయారనుకుందాం. ఏళ్లు తీస్తే 1825 మార్చి 14, నెలలు తీస్తే 1824 ఆగస్టు 14, రోజులు తీస్తే 1824 జూలై 25. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ వెతకండి, నెలను ముప్పై రోజులుగా లెక్కవేసిన పాస్టర్లూ ఉన్నారు.

ప్రశ్న: ఊరి పేరు నోయెన్‌కిర్షెన్ అని తేలింది. మ్యాపులో చూస్తే ఆ పేరుతో చాలా ఊళ్లున్నాయి.

జవాబు: ఆ పేరు పక్కన పొట్టి అక్షరాలేమైనా ఉన్నాయేమో మళ్లీ చూడండి. ‘కేఆర్’ ఉంటే క్రైస్, అంటే జిల్లా లాంటిది, దాని తర్వాతి మాట ఆ జిల్లా పేరు. ‘ఓఏ’ ఉంటే ఓబరామ్ట్, అదీ జిల్లా లాంటిదే, వ్యుర్టెమ్‌బెర్గ్ రాజ్యానికి గుర్తు. జనాభా లెక్కల్లోని రాజ్యం పేరు ఇక్కడ పనికొస్తుంది: హానోవర్ అని ఉంటే హానోవర్ బయటి ఊళ్లన్నీ కొట్టేయవచ్చు. మరణ వార్తలో హాంబుర్గ్, బ్రేమెన్ అని ఉంటే మాత్రం నమ్మే ముందు ఆలోచించండి. ఓడ ఎక్కిన రేవునే సొంత ఊరుగా చెప్పుకున్నవాళ్లు, ఎవరికీ తెలియని పల్లె పేరుకు బదులు దగ్గరి పట్నం చెప్పినవాళ్లు బోలెడు.

తర్వాత మేయర్స్ గెజెటీర్ అనే ఊళ్ల నిఘంటువు చూడండి. 1912 నాటి జర్మన్ సామ్రాజ్యంలోని ఊళ్లన్నీ అందులో ఉన్నాయి, ఆన్‌లైన్‌లో ఉచితం. ఊరికి సొంత చర్చి ఉందో లేదో, సివిల్ రిజిస్ట్రీ (ప్రభుత్వ జనన మరణ నమోదు కార్యాలయం) ఎక్కడో తెలుస్తుంది. చిన్న పల్లెలకు చర్చి పొరుగూరిలో ఉంటుంది, పుస్తకం ఆ పొరుగూరి పేరు మీదే దొరుకుతుంది. ప్రొటెస్టెంట్ పుస్తకాలకు ఆర్కియోన్ వెబ్‌సైట్, దానికి చందా కట్టాలి. క్యాథలిక్ పుస్తకాలకు మాట్రికులా వెబ్‌సైట్, ఉచితం. నైరుతి జర్మనీలోని బాడెన్‌వైతే ఆ రాష్ట్ర ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో 19వ శతాబ్దపు నకళ్లు చాలా ఉచితంగా ఉన్నాయి. ఓడర్, నైస్సే నదులకు తూర్పున ఉన్న ఊరైతే ఇప్పుడది ఎక్కువగా పోలండ్‌లోనే ఉంటుంది కనుక పోలిష్ ప్రభుత్వ ఆర్కైవ్‌లు కూడా వెతకాలి. సివిల్ రిజిస్ట్రీలో జననాలు 110 ఏళ్లు, పెళ్లిళ్లు 80, మరణాలు 30 ఏళ్లు దాటాకే అందరికీ తెరుస్తారు.

బాప్తిస్మం దొరికి, పేరూ తేదీ కలిసినా అప్పుడే సంబరపడకండి. తర్వాతి పదేళ్ల మరణాలు తిరగేసి ఆ బిడ్డ పసితనంలోనే పోలేదని చూసుకోండి. పోతే అదే పేరు తర్వాతి బిడ్డకు పెట్టడం అప్పటి అలవాటు. అమెరికాలో మీకు తెలిసిన తోబుట్టువు బాప్తిస్మం కూడా అదే తల్లిదండ్రులకు అదే పుస్తకంలో ఉంటే, అప్పుడు నిశ్చయంగా రాసుకోవచ్చు.

ప్రశ్న: 1910, 1920 లెక్కల్లో మా వాళ్ల పుట్టిన దేశం రష్యా, మాతృభాష జర్మన్ అని ఉంది. పొరపాటా?

జవాబు: కాదు. 1763లో రష్యా రాణి రెండో క్యాథరీన్ ఇచ్చిన ఆహ్వానంతో జర్మన్లు వోల్గా తీరానికీ, ఆ తర్వాత నల్లసముద్ర తీరానికీ వెళ్లారు. సైనిక సేవ మినహాయింపు పోయాక 1870ల నుంచి కాన్సస్, నెబ్రాస్కా, డకోటాలకు వచ్చారు. వీళ్లకు జర్మనీ పుస్తకాల కంటే ముందు చూడాల్సినవి సెయింట్ పీటర్స్‌బర్గ్ లూథరన్ కన్సిస్టరీకి (చర్చి పాలక కార్యాలయానికి) ఏటా పంపిన చర్చి పుస్తకాల నకళ్లు. 1833 నుంచి 1885 దాకా ఉన్నాయి. రష్యాలో అప్పటికి పాత (జూలియన్) క్యాలెండరే నడిచింది కనుక, ఇప్పటి క్యాలెండరుకు మార్చాలంటే 19వ శతాబ్దపు తేదీలకు 12 రోజులు కలపాలి.

ప్రశ్న: ఓడ జాబితాలో ఊరి పేరు దొరకదా? చర్చిలన్నీ తిరగడం దేనికి?

జవాబు: హాంబుర్గ్‌లో ఎక్కి ఉంటే దొరకవచ్చు. అక్కడి జాబితాలు 1850 నుంచి 1934 దాకా మిగిలాయి, చివరిసారి నివసించిన ఊరు అందులో రాశారు. ఇంగ్లండ్ మీదుగా వెళ్లినవాళ్లకు వేరే జాబితా ఉంది, అదీ చూడాలి. బ్రేమెన్ జాబితాల్లో 1920కి ముందువి దాదాపు ఏమీ మిగల్లేదు: పాతవాటిని చోటు చాలక అధికారులే తీసేశారు, ఉన్నవి రెండో ప్రపంచ యుద్ధంలో పోయాయి. అమెరికా వైపు జాబితాల్లో ఊరి వివరం గట్టిగా కనబడేది 1890ల తర్వాతే, పుట్టిన ఊరిని అడిగింది 1906 నుంచి. మీ మనిషి 1850లలో బ్రేమెన్ మీదుగా వచ్చినవాడైతే చర్చి గడప తొక్కక తప్పదు.